చింతామణి బహుమతి నుంచి కళాప్రపూర్ణ దాకా: చిలకమర్తి లక్ష్మీనరసింహం సాహిత్య జీవితం

1894లో రాజమహేంద్రవరం నుంచి వెలువడే 'చింతామణి' మాసపత్రిక నవలల పోటీలో 'రామచంద్ర విజయం'కు మొదటి బహుమతి వచ్చింది. దాన్ని రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహానికి అప్పటికి ఇరవై ఏడేళ్లు. వృత్తి పంతులుగిరీ. నాటకకర్తగా ఊళ్లో అందరూ ఎరిగిన పేరు. చూపు చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం, దీపాలవేళ దాటితే అదీ లేదు. ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లకు, 1943లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను 'కళాప్రపూర్ణ' బిరుదుతో సత్కరించింది. అప్పటికి ఆయన పూర్తిగా చూపు కోల్పోయి దశాబ్దాలు గడిచాయి.

ఈ రెండు గౌరవాల మధ్య ఆయన నాటకాలు, నవలలు, పద్యాలు, ప్రహసనాలు, అనువాదాలు, జీవిత చరిత్రలు, స్వీయచరిత్ర రాశారు. పత్రికలు నడిపారు, బళ్లు పెట్టారు. తెలుగు సాహిత్య చరిత్రలు ఆయనను ఎక్కువగా తొలితరం నవలా రచయితల వరసలో, కందుకూరి వీరేశలింగం తరువాత నిలబెడతాయి. ఆ స్థానం సరైనదే కానీ సరిపోదు. ఆయన్ను నవలా రచయితను చేసింది బహుమతి. ప్రజలకు దగ్గర చేసింది మాత్రం నాటకశాల, సభావేదిక, నలుగురిలో చదివి వినిపించే అలవాటు. ఆ కాలపు గోదావరి సీమలో పుస్తకం కొని ఒంటరిగా చదువుకునేవారి కంటే కూర్చుని వినేవారే ఎక్కువ. చెప్పి రాయించే రచయితకూ, చెవితో అందుకునే జనానికీ కుదిరిన ఆ పొత్తు తెలియకుండా చిలకమర్తి జీవితం అర్థం కాదు.

కాలవల సీమ

ఆయన 1867 సెప్టెంబరు 26న, నేటి పెరవలి మండలంలోని ఖండవల్లిలో పుట్టారు. తండ్రి వెంకన్న, తల్లి వెంకటరత్నమ్మ. బాల్యం వీరవాసరంలో గడిచింది. అప్పటికి గోదావరి జిల్లా ఒక్కటే. నదికి పడమటి భాగం వేరు జిల్లా కావడం 1925 నాటి మాట.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. చిలకమర్తి పుట్టేనాటికి దానికి పదిహేనేళ్లు. కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, మనుషులకు దారి కూడా ఇచ్చాయి. రైలు రాకముందు డెల్టాలో ఊరి నుంచి ఊరికి ప్రయాణమంటే పడవ ప్రయాణమే. రాత్రంతా సాగే ఆ ప్రయాణాల్లో పురాణ కాలక్షేపం, పద్యాలు, కబుర్లు నడిచేవి. వరి పంట నిలకడగా చేతికి రావడంతో ఊళ్లలో కాస్త డబ్బు మిగిలింది. ఆ డబ్బు పిల్లలను వీధిబడి దాటించి ఇంగ్లీషు చదువులకు పంపింది. నరసాపురం, రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్నాల్లో బళ్లు నిండాయి. ప్లీడర్లు, గుమాస్తాలు, పంతుళ్లు ఒక కొత్త తరగతిగా ఏర్పడ్డారు. పత్రికలకు చందాలు కట్టినవాళ్లూ, నాటకాలకు టికెట్లు కొన్నవాళ్లూ వీళ్లే.

చిలకమర్తి చదువు వీరవాసరం వీధిబడిలో మొదలై నరసాపురం మీదుగా రాజమహేంద్రవరం చేరింది. రేచీకటి వల్ల దీపం దగ్గర చదవడం ఆయనకు సాధ్యం కాదు. తోటి విద్యార్థులు పైకి చదువుతుంటే విని పాఠం పట్టడం ఆయన పద్ధతి. పరీక్షల కోసం అలవడిన ఈ ధారణే తరువాత వృత్తికి ఆధారమైంది. పద్యం ఒకసారి చెవిన పడితే నిలిచిపోయేది. అటువంటి ధారణను అవధానాల సంప్రదాయం ఉన్న తెలుగునాట జనం విడ్డూరంగా చూడలేదు, విద్యగానే గౌరవించారు.

ఆయన చేరేనాటి రాజమహేంద్రవరం వాదోపవాదాలతో వేడెక్కిన ఊరు. వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' మొదలుపెట్టారు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేసిన కుటుంబాలు, దాన్ని సమర్థించిన విద్యార్థులు ఒకే వీధుల్లో తిరిగేవారు. 1890 నాటికి వీరేశలింగం చొరవతో పురమందిరం కూడా లేచింది. కళాశాలలో వడ్డాది సుబ్బారాయుడు తెలుగు పండితులు. ఒకవైపు సంస్కరణ, మరోవైపు పండిత సంప్రదాయం. చిలకమర్తి రెండింటి దగ్గరా నేర్చుకున్నారు. వీరేశలింగం మీద ఆయనకు జీవితాంతం చెదరని గౌరవం ఉండేది. ఆ మహనీయుని తలచుకుని ఆయన చెప్పిన పద్యం నేటికీ సంస్మరణ సభల్లో వినిపిస్తుంది. అయితే గురువులా ఎదురుతిరిగి పోరాడే స్వభావం శిష్యుడిది కాదు. నవ్వించి ఒప్పించడం ఆయన తీరు.

నాటకశాలలో మొదటి పేరు

1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు జిల్లాల్లో తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఆ నాటకాలు చూసిన పట్టణాలన్నిటా తెలుగు నాటకం ఆడాలన్న ఉత్సాహం పుట్టింది. వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకాలు వేయించారు. ఆ వెనక రాజమహేంద్రవరంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నాటక సమాజం వచ్చింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన నాయుడు ఒంగోలు నుంచి వస్తూ తన వెంట ఒక పేద విద్యార్థిని తెచ్చుకున్నారు. ఆ కుర్రవాడే టంగుటూరి ప్రకాశం. తరువాతి కాలంలో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం, నాయుడి సమాజం నాటకాల్లో ఆడవేషాలు కూడా కట్టారు.

ఆ సమాజానికి నాటకాలు కావాలి. సంస్కృతం నుంచి అనువదించినవి పండితులకు రుచించేవేగానీ టికెట్ కొన్న జనానికి పట్టేవి కావు. ఇరవై రెండేళ్లు నిండని చిలకమర్తి 1889లో 'కీచకవధ' రాసిచ్చారు. అది నిలబడింది. ఆ వెంటనే ద్రౌపదీ పరిణయం, శ్రీరామ జననం, పారిజాతాపహరణం, నల నాటకం, గయోపాఖ్యానం వంటివి వరసగా వచ్చాయి. ఇవి సమాజం అవసరాన్ని బట్టి, నటుల శక్తిని బట్టి రాసినవి. ఏ నటుడికి ఏ మాట నోట పలుకుతుందో తెలిసి రాశారు కనుకనే అవి రంగస్థలం మీద నిలిచాయి.

వీటిలో 'గయోపాఖ్యానం' చరిత్ర వేరు. ఆకాశమార్గాన పోతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. కృష్ణుడు అతణ్ని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు సంగతి దాచి అర్జునుణ్ని శరణు వేడతాడు. అభయమిచ్చాక నిజం తెలిసినా అర్జునుడు మాట తప్పలేడు, కృష్ణుడూ తప్పలేడు. వ్యాస భారతంలో లేని ఈ కథను తెలుగు జనం అంతకు ముందే ఎరుగుదురు. దానిలోని నాటకీయతను చిలకమర్తి పట్టుకున్నారు. ఇందులో దుర్మార్గుడు లేడు, మాటకు కట్టుబడిన ఇద్దరు బంధువులున్నారు. బావామరదుల మధ్య నడిచే ఎత్తిపొడుపులు, పాత చుట్టరికాలు తవ్వుకునే దెప్పులు గోదావరి జిల్లా ప్రేక్షకుడికి ఇంటి గొడవలాగే వినిపించాయి. దేవుడి కథలో పల్లెటూరి పౌరుషం కనిపించడమే దాని విజయ రహస్యం.

ఈ నాటకం ప్రతులు లక్షకు పైగా అమ్ముడుపోయాయని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. తెలుగు పుస్తకం వెయ్యి ప్రతులు చెల్లడమే గగనమైన కాలంలో ఇది అసాధారణం. కొన్నవారిలో ఎక్కువమంది చదువరులు కారు. పాత్ర వల్లించుకునే నటులు, ఊరి కుర్రకారు, పద్యం కంఠస్థం చేద్దామనుకునే సామాన్యులు. ఇదే కథ 1963లో కె.వి.రెడ్డి దర్శకత్వంలో 'శ్రీకృష్ణార్జున యుద్ధం'గా వెండితెరకెక్కేనాటికి తెలుగువారికి ఆ సంవాదం మూడు తరాల పరిచయం. ఇన్ని ఊళ్లు తిరిగిన నాటకానికి పోటీల బహుమతి ఏదీ లేదు.

బహుమతి పెంచిన ప్రక్రియ

నవల సంగతి వేరు. దానికి పాత శ్రోతలు లేరు. వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో మొదలై 1880లో పుస్తకమైంది. గోల్డ్‌స్మిత్ 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఛాయలున్నా, రాజమహేంద్రవరపు ఆచారాలు, మూఢ నమ్మకాలు, రసవాదపు మోసాలు అందులో నిండుగా ఉన్నాయి. కానీ ఒక్క పుస్తకంతో ప్రక్రియ స్థిరపడదు. ఆ తరువాత పదేళ్లకు పైగా దాన్ని అందుకుని నడిచినవారు బహు తక్కువ. కావ్యం రాస్తే పండితుడి మెప్పు వస్తుంది, నాటకం రాస్తే చప్పట్లు వస్తాయి. వచనంలో పెద్ద కథ రాస్తే ఏమొస్తుందో ఎవరికీ తెలియదు.

ఈ లోటును పూడ్చింది 'చింతామణి'. దాని యజమాని న్యాపతి సుబ్బారావు పంతులు. 1878లో మద్రాసులో 'హిందూ' పత్రికను స్థాపించిన ఆరుగురు యువకుల్లో ఒకరు, తరువాత రాజమహేంద్రవరంలో పేరుమోసిన న్యాయవాది, రాజకీయ నాయకుడు. సంపాదకత్వం వీరేశలింగానిది. 1890ల మొదట్లో పత్రిక నవలల పోటీలు ప్రకటించింది. రాసినదానికి రొక్కం బహుమతి, అచ్చయ్యే భరోసా, వీరేశలింగం వంటివాడు చదువుతాడన్న గౌరవం, ఈ మూడూ ఒకేసారి దొరకడం అంతకుముందు తెలుగు వచనానికి ఎరుగని సంగతి. ఖండవల్లి రామచంద్రుడు వంటి కొత్త రచయితలు ఆ పోటీల్లోనే పైకి వచ్చారు. అందరిలో నిలదొక్కుకున్నవారు చిలకమర్తి. 1894లో 'రామచంద్ర విజయం', 1896లో 'హేమలత' బహుమతులు పొందాయి. తరువాత 'అహల్యాబాయి' వచ్చింది. కర్పూరమంజరి, సౌందర్యతిలక కూడా ఈ ధోరణిలోనివే.

ఈ నవలలు రెండు రకాలు. 'రామచంద్ర విజయం' సాంఘికం. డెల్టా బ్రాహ్మణ కుటుంబాల చదువులు, పెళ్లిళ్లు, బంధువుల కుతంత్రాలు, ఉద్యోగపు ఆశలు అందులో వస్తువు. మనుషులు మాట్లాడుకునే పద్ధతి, ఇంటి వ్యవహారాల వివరం దాని బలం. 'హేమలత' నుంచి దారి చరిత్ర వైపు, ముఖ్యంగా రాజపుత్రుల వైపు మళ్లింది. కర్నల్ జేమ్స్ టాడ్ రాసిన రాజస్థాన్ చరిత్ర 19వ శతాబ్ది చివరిలో భారతీయ రచయితలకు పెద్ద ఆకరం. వంగ నవలాకారులు అప్పటికే దాని నుంచి కథలు అల్లారు. చిలకమర్తి కూడా టాడ్ ఆధారంగా 'రాజస్థాన కథావళి' రాశారు. 'అహల్యాబాయి' ఇందూరు హోల్కరు రాణి కథ.

గోదావరి ఒడ్డున కూర్చుని రాజస్థానంలోని చిత్తూరు కోటల గురించి ఎందుకు రాయాలి? దానికి కారణం ఆ కాలం. ఆంధ్రుల చరిత్ర పరిశోధన అప్పటికి ఒక రూపానికి రాలేదు. కాకతీయుల గురించీ, రెడ్డిరాజుల గురించీ శాసనాలు వెలికితీసి జనానికి అందించే పని తరువాతి తరం చేపట్టింది. స్వదేశీయుల శౌర్యం గురించి రాయాలనుకున్నవాడికి ఇంగ్లీషు పుస్తకంలో సిద్ధంగా దొరికిన వస్తువు రాజపుత్రులే. పైగా పరాయి దొరతనం కింద ఉన్న పాఠకుడికి, దూరదేశపు పాతకథలో స్వాతంత్ర్యం మాట ఎత్తితే అందులో తన సంగతి వినిపిస్తుంది. సర్కారు అభ్యంతరం చెప్పడానికి అందులో ఏమీ దొరకదు. ఈ చారిత్రక నవలల వల్లనే ఆయనకు 'ఆంధ్ర స్కాట్' అన్న పేరు వచ్చింది.

దోషాలు లేకపోలేదు. పాత్రలు మంచివాళ్లుగానో చెడ్డవాళ్లుగానో పుట్టి అలాగే పోతాయి. కాకతాళీయాలు ఎక్కువ. రాజపుత్ర స్త్రీ కూడా ఒక్కోసారి గోదావరి జిల్లా ఇల్లాలిలా మాట్లాడుతుంది. ఆనాటి పాఠకుడికి ఇవి దోషాలుగా తోచలేదు. సరళ గ్రాంథికంలో, ఆగకుండా చదివించే వచనం దొరకడమే వాళ్లకు గొప్ప. ఇల్లాళ్లకు పైకి చదివి వినిపించదగిన కథలుగా ఈ నవలలు ఇళ్లల్లోకి వెళ్లాయి.

పోటీ పెట్టి నవలను పెంచడమనే ఈ పద్ధతి 'చింతామణి'తో ఆగిపోలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి నవలలకు బహుమతులిచ్చింది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'తో పాటు భీమవరంలో పుట్టిన అడివి బాపిరాజు 'నారాయణరావు' బహుమతిని పంచుకుంది. స్వాతంత్ర్యం తరువాత వారపత్రికల పోటీలు అదే బాటన నడిచాయి. తెలుగు నవలకు పోటీతో ఉన్న ఈ అనుబంధానికి మొదటి పెద్ద ఫలితం చిలకమర్తి.

చెప్పి రాయించిన వచనం

ముప్పై ఏళ్లు దాటాక ఆయనకు ఉన్న కాస్త చూపూ పోయింది. అప్పటి నుంచి రచనంతా నోటితో చెప్పడం, మరొకరు రాయడం. వార్తాపత్రికలు, ఇంగ్లీషు పుస్తకాలు, సంస్కృత గ్రంథాలు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఈ ఏర్పాటు వల్ల రచన ఆగలేదు. పైగా ఆయన రచనల్లో అధికభాగం దీని తరువాతివే. ఈ అంధత్వాన్ని చూసే జనం ఆయనను 'ఆంధ్ర మిల్టన్' అని కూడా పిలిచారు.

చెప్పి రాయించడం ఆయన శైలిలో కనిపిస్తుంది. వాక్యం పొడుగైనా చిక్కుపడదు. చెప్పినది మళ్లీ చూసి దిద్దుకునే వీలు లేనివాడు మొదటిసారే తేటగా చెప్పాలి. కథ మధ్యలో పక్కకు పోయి ఒక పిట్టకథ చెప్పి తిరిగి రావడం, పాత్ర ప్రవేశించగానే రూపురేఖలు వరసగా వల్లించడం, సంభాషణ మీద ఎక్కువ ఆధారపడటం ఇవన్నీ కథకుడి లక్షణాలు. దృశ్యవర్ణనలు సంప్రదాయ కావ్యాల మూసలోనే సాగుతాయి. మాటల్లో మాత్రం మనిషి మనిషికీ తేడా తెలుస్తుంది. పురోహితుడి గొంతు, గుమాస్తా గొంతు, గయ్యాళి అత్తగారి గొంతు వేరువేరుగా వినిపిస్తాయి.

ఆశువుగా పద్యం చెప్పడంలో ఆయనది ప్రత్యేకమైన సరదా. పకోడీల మీద చెప్పిన పద్యాలు ఆంధ్రదేశమంతా తిరిగాయి. ప్రబంధనాయికను వర్ణించే ఠీవితో శనగపిండి ఫలహారాన్ని వర్ణించడంలోని చమత్కారం పండితుడికీ, పామరుడికీ ఒకేలా అందింది. 'కృపాంభోనిధి' వంటి భక్తి శతకం చెప్పిన నోటితోనే ఇవీ చెప్పారు. ప్రహసనాలను, హాస్య రచనలను 'నవ్వులగని' పేరుతో సంపుటాలుగా తెచ్చారు. వీరేశలింగం ప్రహసనాల్లో దెబ్బ గట్టిగా తగులుతుంది. చిలకమర్తి ప్రహసనంలో దెబ్బ తిన్నవాడు కూడా నవ్వుతాడు.

పత్రిక, బడి, 1907

రాతతోనే బతకడం ఆ రోజుల్లో ఎవరికీ కుదరని పని. చిలకమర్తి రాజమహేంద్రవరం బళ్లల్లో తెలుగు చెప్పారు, సొంతంగా హిందూ లోయర్ సెకండరీ పాఠశాల నడిపారు. పోలవరం జమీందారు ఆదరణలో వెలువడిన 'సరస్వతి' పత్రికతో పనిచేశారు. ఆ పైన సొంతంగా 'మనోరమ' మాసపత్రిక, 'దేశమాత' వారపత్రిక తెచ్చారు. మద్రాసులో తప్ప పెద్ద ప్రచురణ సంస్థలు లేని కాలంలో, రచయితే ముద్రాపకుడు, సంపాదకుడు, చందాలు వసూలు చేసేవాడు. చూపులేని మనిషి ఈ పనులన్నీ నెత్తిన వేసుకోవడానికి కారణం కీర్తి ఒక్కటే కాదు, ఇల్లు గడవడం కూడా.

1909లో ఆయన రాజమహేంద్రవరంలో అస్పృశ్యులుగా ఎంచబడిన కులాల పిల్లల కోసం ఒక పాఠశాల పెట్టారు. దానికి రామమోహన రాయ్ పేరు పెట్టారు. గాంధీజీ హరిజనోద్యమానికి రెండు దశాబ్దాల ముందటి మాట ఇది. అగ్రకులాల ఇళ్లల్లో ఆ పేటల వైపు వెళ్లి వచ్చినా స్నానం చేసే రోజులు. వీరేశలింగం ప్రధానంగా స్త్రీల సమస్య మీద పెట్టిన దృష్టిని శిష్యుడు ఈ దిక్కుకు మళ్లించారు. ఆయన హాస్యం గురించి చెప్పుకున్నంతగా ఈ బడి గురించి చెప్పుకోలేదు.

ఆయన పేరు ఆంధ్రదేశం అంతటా మారుమోగింది 1907 ఏప్రిల్‌లో. వంగ విభజన వ్యతిరేకోద్యమం సాగుతున్న రోజులు. బిపిన్ చంద్ర పాల్ కోస్తా జిల్లాల్లో పర్యటిస్తూ రాజమహేంద్రవరం వచ్చారు. మచిలీపట్నం నుంచి ముట్నూరి కృష్ణారావు ఆ పర్యటనకు పూనుకున్నారు. పాల్ ఇంగ్లీషులో ఉపన్యసించేవారు. జనం వేలల్లో వచ్చినా ఇంగ్లీషు తెలిసినవారు కొద్దిమందే. ఆ ఉపన్యాసాలను తెలుగులో చెప్పే పని చిలకమర్తిది. చూసి రాసుకోలేని మనిషి, విన్నదంతా మనసులో పెట్టుకుని, అదే ఉద్రేకంతో తెలుగులో పలకడం ఆయనకే సాధ్యం.

ఆ సభలో ఆయన ఒక పద్యం చదివారు. భరతఖండం పాడియావు, భారతీయులు ఆకలికి ఏడ్చే లేగదూడలు, తెల్లవాళ్లు దూడల మూతులు బిగించి పాలు పిండుకునే గడుసు గొల్లలు అన్నది దాని భావం. దాదాభాయి నౌరోజీ భారతదేశపు సంపద ఎలా తరలిపోతోందో లెక్కలతో పెద్ద గ్రంథం రాశారు. ఆర్.సి.దత్ రెండు సంపుటాల ఆర్థిక చరిత్ర రాశారు. ఆ వాదమంతా పాడి తెలిసిన రైతుకు నాలుగు పాదాల్లో అర్థమైంది. పద్యం అచ్చు కాకముందే ఊళ్లు దాటింది. ఆ రోజుల్లోనే వందేమాతరం నినాదాలు చేసినందుకు రాజమహేంద్రవరం కళాశాల విద్యార్థుల మీద ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ కాలంలో చర్యలు తీసుకున్నారు. ట్రెయినింగ్ కళాశాల నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావు బహిష్కృతులయ్యారు. చిలకమర్తి జైలుకు వెళ్లిన నాయకుడు కాదు. కానీ జైలుకు వెళ్లినవాళ్ల నోట ఆయన పద్యం ఉంది. ఆ పద్యాన్ని తెలుగు పాఠశాల పిల్లలు ఇప్పటికీ ఎరుగుదురు.

గణపతి

1920 ప్రాంతంలో వచ్చిన 'గణపతి' చిలకమర్తి నవలల్లో అన్నిటికంటే భిన్నమైనది. ఇందులో రాణులు లేరు, కోటలు లేవు. పొట్టి ఆకారం, బండతనం, తిండిమీద యావ ఉన్న ఒక పేద బ్రాహ్మణ కుర్రవాడి కథ. గణపతితో మొదలుపెట్టక, అతని పూర్వీకుల దగ్గర నుంచి చెప్పుకొస్తారు. తరం తరానికీ విద్య తరిగిపోతుంది, పేదరికం పెరుగుతుంది, కులగౌరవం మాత్రం మాటల్లో మిగులుతుంది. వేదం రాని పురోహితులు, అక్షరం రాని పంతుళ్లు, చావు ఇళ్ల మీద, భోజనాల మీద ఆధారపడి బతికేవాళ్లు అందులో కనిపిస్తారు. గణపతి కూడా బడి పెట్టి పంతులవుతాడు. తనకు చదువు లేకున్నా పిల్లలను బాదడం వచ్చు.

పైకి ఇది కడుపుబ్బ నవ్వించే కథ. లోపల గట్టి సామాజిక విమర్శ ఉంది. గురజాడ 'కన్యాశుల్కం' ఉత్తరాంధ్ర అగ్రహారాలకు పట్టిన అద్దమైతే, డెల్టా పల్లెల్లోని బీద వైదిక కుటుంబాల జీవితం 'గణపతి'లో దొరుకుతుంది. ఇంగ్లీషు చదువులు నేర్చినవారు ప్లీడర్లై పట్నాలకు పోయాక, ఏ విద్యా లేకుండా ఊళ్లో మిగిలిపోయినవారి సంగతి అప్పటిదాకా నవలలోకి రాలేదు. కాలవలు తెచ్చిన సిరిసంపదలు అందరికీ చేరలేదన్న నిజాన్ని ఈ నవ్వుల కథ నమోదు చేసింది.

గణపతిని రచయిత అసహ్యించుకోలేదు. పాఠకుడు మొదట అతణ్ని చూసి నవ్వుతాడు, పోనుపోను అతను ఇలా తయారు కావడానికి కారణమైన ఇంటిని, ఊరిని గమనిస్తాడు. తరువాత కాలంలో మునిమాణిక్యం, మొక్కపాటి వంటి హాస్యరచయితలకు దారి ఏర్పడింది ఇక్కడే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టర్ పార్వతీశం' కూడా గోదావరి సీమ నుంచే, మొగల్తూరు కుర్రవాడి అమాయకత్వం మీద నడుస్తుంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 'గణపతి'ని నాటకంగా ప్రసారం చేసినప్పుడు, రచయిత మరణించిన తరువాత పుట్టినవారు కూడా రేడియోల ముందు కూర్చుని విన్నారు. చెప్పి రాయించిన నవల చివరికి మళ్లీ చెవికే చేరింది.

చివరి దశకాలు

త్రివేండ్రంలో టి.గణపతిశాస్త్రి 1910 ప్రాంతంలో భాస నాటకాలను వెలికితీసి ప్రకటించారు. కాళిదాసుకంటే ముందటివాడైన భాసుడి నాటకాలు దొరికాయన్న వార్త దేశమంతటా పండితులను కదిలించింది. చిలకమర్తి ఆ నాటకాలను తెలుగులోకి తెచ్చారు. రంగస్థలం ఎరిగిన రచయితకు భాసుడి పొదుపైన సంభాషణ నచ్చడంలో ఆశ్చర్యం లేదు. సంస్కృత శ్లోకం విని అప్పటికప్పుడు తెలుగు పద్యం చెప్పగల శక్తి ఈ పనికి తోడయింది.

వయసు పైబడ్డాక ఆయన చెప్పి రాయించిన 'స్వీయచరిత్రము' గోదావరి జిల్లాల సాంఘిక చరిత్రకు విలువైన ఆకరం. వీరేశలింగం స్వీయచరిత్రలో పోరాటాలు, లేఖలు, వ్యాజ్యాలు కనిపిస్తాయి. అది తన పక్షాన సాక్ష్యం ఇచ్చుకునే మనిషి గ్రంథం. చిలకమర్తి తన గురించి చెప్పుకునేటప్పుడు కూడా చుట్టుపక్కలవారి గురించే ఎక్కువ చెబుతారు. వీధిబడి శిక్షలు, పడవ ప్రయాణాలు, నాటకాల రిహార్సళ్లు, పంతుళ్ల జీతాల కష్టాలు, పట్నంలో పెద్దమనుషుల పట్టింపులు అందులో ఉన్నాయి. ప్రకాశం ఆత్మకథ 'నా జీవితయాత్ర'తో కలిపి చదివితే, 1880ల నాటి రాజమహేంద్రవరం రెండు వైపుల నుంచి కనబడుతుంది. ప్రకాశం వేషం కట్టి వేదిక మీది నుంచి చూశారు. చిలకమర్తి తెరచాటున నిలబడి విన్నారు.

1946 జూన్ 17న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై ఎనిమిది. స్వాతంత్ర్యం మరో ఏడాది దూరంలో ఉంది.

అంచనా

చిలకమర్తి రచనలను రెండు కుప్పలుగా విడదీసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. పోటీలకు రాసినవి, బహుమతులు పొందినవి నేడు ఎక్కువగా పరిశోధకుల చేతుల్లో ఉన్నాయి. 'హేమలత'ను సరదాకు చదివేవారు ఇప్పుడు అరుదు. పోటీతో సంబంధం లేనివి, నటుల కోసం, సభ కోసం, స్నేహితుల నవ్వు కోసం పుట్టినవి జనంలో మిగిలాయి. గయోపాఖ్యానం, 1907 నాటి పద్యం, పకోడీ పద్యాలు, గణపతి ఈ రెండో కోవకు చెందుతాయి.

దీన్ని బట్టి బహుమతులు వృథా అనుకుంటే పొరపాటు. 1894 నాటి ఆ మొదటి బహుమతి లేకపోతే నాటకాలు రాసుకునే యువ పంతులు వచనంలో దీర్ఘకథ మోయగలనని తెలుసుకునేవారు కారేమో. రాజపుత్ర నవలల్లో పాతికేళ్లు సాధన చేసిన చెయ్యే గణపతిని సృష్టించింది. కథను సాగదీయడం, పాత్రలను వరసగా నడిపించడం, పాఠకుడి ఓపికను అంచనా వేయడం ఆయన అక్కడే నేర్చుకున్నారు. బహుమతి ఇచ్చినవారు మెచ్చిన వస్తువు పాతబడింది, వారు పెంచిన నైపుణ్యం పనికొచ్చింది. సుబ్బారావు పంతులు, వీరేశలింగం తలపెట్టింది కూడా అదే. ఒక గొప్ప నవలను గుర్తించడం కంటే, తెలుగులో నవలలు రాసేవాళ్లను తయారుచేయడం వారి ఉద్దేశం. ఆ లెక్కన 'చింతామణి' పెట్టిన ఖర్చు పూర్తిగా ఫలించింది.

ఇక చిలకమర్తి వైపు నుంచి చూస్తే, ఆయన విజయం అంధత్వాన్ని జయించిన ఒంటరి వ్యక్తి కథగా చెప్పడం సులువు, కానీ అసంపూర్ణం. పైకి చదివిన సహపాఠులు, చెప్పింది రాసుకున్న లేఖకులు, పాత్రలు అడిగిన నటులు, పోటీ పెట్టిన పత్రిక, చందాలు కట్టిన గుమాస్తాలు, పద్యం మోసుకెళ్లిన విద్యార్థులు ఆ రచనలో భాగస్వాములు. ఒక ఊరు తన బళ్లతో, నాటక సమాజాలతో, పత్రికలతో, పురమందిరంతో ఒక రచయితను ఎలా నిలబెట్టగలదో 19వ శతాబ్ది చివరి రాజమహేంద్రవరం చూపింది. ఆ ఊరు తనకిచ్చినదానికి ప్రతిగా, అందులోని గొప్పవాళ్లనే కాక గణపతి లాంటి పనికిమాలినవాడిని కూడా తెలుగు సాహిత్యంలో శాశ్వతం చేయడం చిలకమర్తి చేసిన పని.